సెయింట్ థామస్‌ను ఎందుకు సాగనంపారు?

(మిన్నెసోటాలో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పిల్లల కాలేజీల గురించి ఏదైనా చెప్పమన్నారు. ర్యాంకుల గురించి, ఫీజుల గురించి నాకంటే బాగా చెప్పేవాళ్లు ఈ హాల్లోనే పదిమంది ఉన్నారు. అందుకని నేను మనవాళ్లెవరూ పెద్దగా పట్టించుకోని విషయం ఎత్తుకుంటాను. ఈ చుట్టుపక్కల చిన్న కాలేజీలన్నీ కలిసి ఆడుకునే ఒక లీగ్ ఉంది. మిన్నెసోటా ఇంటర్‌కాలేజియేట్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్ అని పెద్ద పేరు, వాడుకలో మాత్రం అందరికీ ‘మయాక్’. 2019 మే 22న ఈ లీగ్ ఒక ప్రకటన చేసింది. సెయింట్ థామస్ యూనివర్సిటీ 2021 వసంతం దాకా ఆడొచ్చు, ఆ తర్వాత లీగ్‌లో ఉండదు అని. సెయింట్ థామస్ వెళ్తానని అడగలేదు. మిగతావాళ్లే పంపేశారు.

సెయింట్ థామస్ అంటే మనలో చాలామందికి సాఫ్ట్‌వేర్‌లో మాస్టర్స్ చేసే చోటు. సెయింట్ పాల్‌లో సమ్మిట్ అవెన్యూ మీద ఉంటుంది. అక్కడే చదివి, అక్కడే ఉద్యోగం వెతుక్కుని, ఆ కాలేజీకి ఫుట్‌బాల్ జట్టు ఉందని కూడా తెలియకుండా వచ్చేసినవాళ్లు ఇక్కడ ఉంటే చెయ్యెత్తండి. (నవ్వులు) సరే, సరే. అంతమంది ఉంటారనుకోలేదు.

వింత ఎక్కడుందంటే, 1920లో ఈ లీగ్ పెట్టింది ఏడు కాలేజీలు. కార్ల్‌టన్, గస్టావస్ అడాల్ఫస్, హామ్లిన్, మెకలెస్టర్, సెయింట్ జాన్స్, సెయింట్ ఓలాఫ్, సెయింట్ థామస్. అంటే పునాదిరాయి వేసినవాళ్లలో ఒకర్ని, నూరేళ్లు నిండబోతుండగా, మిగతావాళ్లు బయటికి పంపారు. డబ్బు గోల్‌మాల్ జరగలేదు, మోసం లేదు, నిబంధన ఏదో అతిక్రమించారన్న ఆరోపణ కూడా లేదు. చెప్పిన కారణం ఒక్కటే, పోటీలో సమతూకం. మామూలు మాటల్లో చెప్పాలంటే, మీరు మరీ ఎక్కువ గెలుస్తున్నారు.

మన దగ్గర ఈ గొడవ ఎందుకు రాదో ముందు చూద్దాం. విశాఖలో డిగ్రీ కాలేజీ ఆంధ్ర యూనివర్సిటీకి అనుబంధం అయితే ఆంధ్ర యూనివర్సిటీ ఇంటర్ కాలేజియేట్ పోటీల్లో ఆడుతుంది. హైదరాబాద్‌లోదైతే ఉస్మానియా. ఎవరితో ఆడాలో కాలేజీ ఎంచుకోదు, ఎవర్ని వద్దనాలో కూడా దాని చేతిలో లేదు. ఇక్కడ అలా కాదు. కాలేజీల ప్రెసిడెంట్లు కూర్చుని, ఎవరితో కలిసి ఆడితే మనకు బాగుంటుందో తేల్చుకుంటారు. నచ్చినన్నాళ్లు కలిసుంటారు. కాబట్టి సభ్యుల జాబితా మారిందంటే, కాలేజీలు తమ గురించి తాము ఏమనుకుంటున్నాయో అందులో కనిపిస్తుంది. నేనీ లీగ్ వార్తలు ఆసక్తిగా చదివేది అందుకే. ఆటలో ఎవరు గెలిచారన్నది నాకు రెండో విషయం.

పెద్ద కాలేజీల సంగతి మీకు తెలుసు. 2024లో పసిఫిక్ తీరంలోని పన్నెండు కాలేజీల లీగ్ రెండే మిగిలేంతగా చెదిరిపోయింది. లాస్ ఏంజెలస్ జట్లు ఇప్పుడు న్యూజెర్సీ దాకా విమానంలో వచ్చి లీగ్ మ్యాచ్‌లు ఆడుతున్నాయి. అదంతా టీవీ డబ్బు. మయాక్‌లో టీవీ డబ్బు లేదు. ఇది డివిజన్ 3, అంటే కాలేజీ ఆటల మూడు అంచెల్లో కింది అంచె. ఇక్కడ ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు. ఆడే పిల్లలందరూ మిగతా విద్యార్థుల్లాగే ఫీజు కట్టి చదువుతారు.

మరి డబ్బు లేనప్పుడు ఆటలెందుకు? డబ్బు ఉంది. టికెట్లలో కాదు, అడ్మిషన్లలో. రెండువేల మంది చదివే కాలేజీలో ఫుట్‌బాల్ జట్టుకే వందమంది ఉంటారనుకోండి. ఆ వందమందిలో చాలామంది ఆట లేకపోతే ఆ కాలేజీకి వచ్చేవాళ్లు కాదు. రాయితీలు పోను ఒక్కొక్కరు ఏడాదికి 20 వేల డాలర్లు కట్టినా ఇరవై లక్షలు. కోచ్ జీతాలు, బస్సులు, హెల్మెట్లు తీసేసినా ఇంకా మిగులుతుంది. దీనికి వాలీబాల్, సాకర్, ఈత, టెన్నిస్ కలపండి. డివిజన్ 3లో కోచ్ అంటే సగం అడ్మిషన్ల ఆఫీసర్. జట్టులో ఎంతమందిని చేర్చాలో కోచ్‌లకు లెక్క ఇచ్చే కాలేజీలు కూడా ఉన్నాయి. ఈ సంగతి తెలిస్తే తర్వాత కథ తేలిగ్గా అర్థమవుతుంది.

లీగ్ మొదటి నుంచీ కదలకుండా ఉందని అనుకోకండి. కార్ల్‌టన్ తొలి రోజుల్లోనే వెళ్లిపోయి 1980ల్లో తిరిగొచ్చింది. సెయింట్ ఓలాఫ్ 1950ల్లో వెళ్లి 1970ల్లో తిరిగొచ్చింది. ఇవి రెండూ నార్త్‌ఫీల్డ్ అనే ఒకే చిన్న ఊళ్లో, నదికి అటూ ఇటూ ఉంటాయి. పక్కపక్కనే ఉండి దశాబ్దాలు వేర్వేరు లీగుల్లో ఉండటం కూడా జరిగిందన్నమాట. 1977లో ఈ రెండు కాలేజీలూ ఒక సరదా పని చేశాయి. అమెరికా మెట్రిక్ కొలతలకు మారబోతోందని అప్పట్లో గట్టిగా అనుకునేవారు. గజాలు తీసేసి మీటర్లలో మైదానం గీసి ఫుట్‌బాల్ ఆడారు. దానికి లీటర్ బౌల్ అని పేరు కూడా పెట్టారు. సెయింట్ ఓలాఫ్ 43-0తో గెలిచింది. మెట్రిక్ విధానం కూడా దాదాపు కార్ల్‌టన్ లాగే ఓడిపోయింది. (నవ్వులు)

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన పేరు ఒకటుంది, జాన్ గల్యార్డీ. కాలేజ్‌విల్‌లోని సెయింట్ జాన్స్‌కు 1953 నుంచి 2012 దాకా, అరవై సీజన్లు ఫుట్‌బాల్ కోచ్. మొత్తం 489 విజయాలు. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలో, పెద్ద కాలేజీలన్నిటినీ కలుపుకున్నా, అంతకంటే ఎక్కువ గెలిచిన కోచ్ లేడు. ఆయన ప్రాక్టీసు చూస్తే మన డ్రిల్ మాస్టార్లకు మతి పోయేది. విజిల్ లేదు. ప్రాక్టీసులో ఒకరినొకరు కిందపడేయడం లేదు. జట్టుకు వస్తానన్నవాణ్ణి పొమ్మనడం లేదు, అందుకే జట్టులో 150 మందికి పైనే ఉండేవారు. ‘కోచ్’ అని పిలవనిచ్చేవాడు కాదు, పద్దెనిమిదేళ్ల కుర్రాడు కూడా ‘జాన్’ అనాల్సిందే. అలా నడిపి నాలుగు జాతీయ టైటిళ్లు తెచ్చాడు, చివరిది 2003లో. ఆయన్ని ఎందుకు చెబుతున్నానంటే, ఒకే జట్టు ఏళ్ల తరబడి గెలవడం ఈ లీగ్‌కు కొత్తేమీ కాదు. సెయింట్ జాన్స్ అరవై ఏళ్లు మిగతావాళ్లను చితక్కొట్టింది. సెయింట్ జాన్స్‌ను పొమ్మని ఎవరూ అనలేదు.

మరి సెయింట్ థామస్‌నే ఎందుకు అన్నారు? 2007లో సెయింట్ థామస్ ఫుట్‌బాల్ జట్టు పది మ్యాచ్‌లాడి రెండే గెలిచింది. మరుసటి ఏడు గ్లెన్ కరూసో అనే కోచ్ వచ్చాడు. 2012లో, 2015లో ఆ జట్టు జాతీయ ఫైనల్ దాకా వెళ్లింది. బాస్కెట్‌బాల్‌లో 2011, 2016 జాతీయ టైటిళ్లు. 2012లో అమ్మాయిల వాలీబాల్ టైటిల్. అంతకుముందే బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ టైటిళ్లు ఉన్నాయి. సెయింట్ జాన్స్ రాజ్యం ఫుట్‌బాల్‌లో. సెయింట్ థామస్ రాజ్యం దాదాపు అన్నిట్లో.

కానీ నా దృష్టిలో అసలు కారణం మైదానంలో లేదు. సెయింట్ థామస్ 1977లో అమ్మాయిలను చేర్చుకోవడం మొదలుపెట్టింది. 1990లో కాలేజీ అన్న పేరు తీసేసి యూనివర్సిటీ అయింది. బిజినెస్ స్కూలు, ఇంజినీరింగ్, మనవాళ్లు చేరే సాఫ్ట్‌వేర్ కోర్సులు, అన్నీ పెరిగాయి. 2019 నాటికి అండర్‌గ్రాడ్యుయేట్లే 6 వేల పైచిలుకు. లీగ్‌లో మిగతా చాలావాటిలో 3 వేలకు లోపే. పేరుకు అదే లీగ్, కానీ లోపల ఒకటి వేరే జాతి సంస్థగా మారిపోయింది.

2017 సీజన్ చూడండి. సెప్టెంబర్‌లో సెయింట్ థామస్, సెయింట్ జాన్స్ మ్యాచ్‌ను కాలేజీ మైదానంలో కాకుండా మినియాపొలిస్‌లోని టార్గెట్ ఫీల్డ్‌లో పెట్టారు. ట్విన్స్ బేస్‌బాల్ ఆడే స్టేడియం. వచ్చిన జనం 37,355 మంది. డివిజన్ 3 చరిత్రలో ఏ ఫుట్‌బాల్ మ్యాచ్‌కూ అంతమంది రాలేదు. స్కాలర్‌షిప్ ఒక్కటీ లేని పిల్లల ఆట చూడటానికి! అదే సీజన్‌లో సెయింట్ థామస్ సెయింట్ ఓలాఫ్‌ను 97-0తో ఓడించింది. సున్నాకు తొంభై ఏడు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక టచ్‌డౌన్‌కు ఆరు, పై కిక్‌కు ఒకటి. అంటే ఇంచుమించు పద్నాలుగు సార్లు గీత దాటాలి. అరవై నిమిషాల ఆటలో నాలుగు నిమిషాలకోసారి. అటువైపు నిలబడ్డ పిల్లలు ఫీజు కట్టి వచ్చినవాళ్లు. చూసేవాళ్లలో వాళ్ల అమ్మానాన్నలు ఉంటారు. వచ్చే ఏడు ఇదే కాలేజీకి రావాలా అని ఆలోచిస్తున్న పన్నెండో తరగతి కుర్రాడు ఇంట్లో కూర్చుని ఆ స్కోరు చదువుతాడు. ప్రెసిడెంట్లకు టెన్షన్ పుట్టింది అక్కడ. ఓటమి వల్ల కాదు, అడ్మిషన్ల వల్ల.

మన ఆడవాళ్లు చీటీలు వేసేవాళ్లు గుర్తున్నారు కదా. అందులో ఒకావిడ ప్రతి నెలా తనే పాడుకుంటుంటే మిగతావాళ్లు ఎన్నాళ్లు కడతారు? ఆవిడ మోసం చెయ్యక్కర్లేదు, ఉన్నావిడ అయితే చాలు. లీగ్‌లో ప్రతి కాలేజీ మిగతావాటికి ఒక ఆశను అప్పు ఇస్తుంటుంది. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు మన వంతు అని. ఆ ఆశ చూపించే కోచ్ పిల్లల్ని చేర్చుకుంటాడు.

దీనికి తిరగేసిన కథ మెకలెస్టర్‌ది. సెయింట్ థామస్‌కు మైలు దూరంలో ఉంటుంది. కోఫీ అన్నన్ చదివిన కాలేజీ, చదువులో దేశంలోనే పేరున్నది. ఫుట్‌బాల్‌లో 1974 నుంచి 1980 దాకా వరసగా 50 మ్యాచ్‌లు ఓడింది. యాభై. 1980లో విస్కాన్సిన్‌లోని మౌంట్ సెనారియో అనే కాలేజీ మీద 17-14తో గెలిచి ఆ పరంపర తెంచుకుంది, అదీ చివరి క్షణాల్లో కిక్‌తో. తర్వాత కూడా నెగ్గుకు రాలేక 2002 నుంచి ఫుట్‌బాల్ వరకు మయాక్ బయటికొచ్చేసింది. మిగతా ఆటలన్నీ లీగ్‌లోనే ఆడింది. అంటే బలహీనులు తమంతట తాము పక్కకు తప్పుకోవడం అప్పటికే జరిగింది. బలవంతుణ్ణి తప్పుకోమనడం మాత్రం కొత్త.

న్యాయమేనా అని అడుగుతారు. సెయింట్ థామస్ తప్పు చేయలేదు, బాగా ఆడటం నేరం కాదు. అయినా నేను మిగతా కాలేజీల పక్షమే. ఒకే లీగ్‌లో ఉంటూ ఒకరు పెద్ద యూనివర్సిటీ కలలు కంటుంటే, ఇంకొకరు వచ్చే సెప్టెంబర్‌కు సీట్లు నిండుతాయా అని లెక్కపెట్టుకుంటుంటే ఎన్నాళ్లు సాగుతుంది? నాకు నచ్చనిది ఒక్కటే, చెప్పిన తీరు. సమతూకం అన్న ఒక్క మాట వెనక దాక్కున్నారు. మీరు పెద్దవాళ్లయిపోయారు, మాకు భయంగా ఉంది అని నేరుగా చెప్పి ఉంటే ఇంకా గౌరవంగా ఉండేది.

సెయింట్ థామస్ ఏం చేసింది? డివిజన్ 2కి కూడా వెళ్లలేదు. మామూలుగా డివిజన్ 3 నుంచి నేరుగా డివిజన్ 1కి ఎక్కనివ్వరు. ప్రత్యేక మినహాయింపు అడిగింది, 2020 జూలైలో ఇచ్చారు. ఆధునిక కాలంలో అలా ఒక్క అంగలో ఎక్కిన మొదటి కాలేజీ ఇదే. చాలా ఆటలకు సమ్మిట్ లీగ్, ఫుట్‌బాల్‌కు పయనీర్ లీగ్. ఒకప్పుడు వాళ్ల ప్రయాణం చూడండి. హామ్లిన్, మెకలెస్టర్, ఆగ్స్‌బర్గ్ అంటే టీ చల్లారేలోపు చేరేంత దూరం. అన్నిటికంటే దూరం మూర్‌హెడ్‌లోని కాంకోర్డియా, అదీ బస్సులో నాలుగు గంటలు. ఇప్పుడు పయనీర్ లీగ్ అంటే పశ్చిమాన శాన్ డియాగో, తూర్పున న్యూయార్క్ రాష్ట్రంలో మారిస్ట్, దక్షిణాన ఫ్లోరిడాలో స్టెట్సన్. 2022లోనే పయనీర్ టైటిల్ గెలిచింది, కానీ కొత్తగా ఎక్కినవాళ్లకు ఉండే ఆంక్షల వల్ల జాతీయ ప్లేఆఫ్ ఆడనివ్వలేదు. 7.5 కోట్ల డాలర్ల విరాళం ఒక్క కుటుంబం నుంచే వచ్చింది, ఆ ఊపులో కొత్త అరీనా కట్టారు. వెళ్లగొట్టినందుకు బాగుపడింది అనిపిస్తుంది. నిజమే. అయితే సెయింట్ జాన్స్‌తో లీగ్ మ్యాచ్ పోయింది. 2019 అక్టోబర్‌లో సెయింట్ పాల్‌లోని అలయాంజ్ ఫీల్డ్‌లో ఆడినదే చివరిది, సెయింట్ జాన్స్ 38-20తో గెలిచింది. నూరేళ్ల పోటీకి బదులు ఏ విరాళంతో వస్తుంది?

ఇటు మయాక్‌లో ఖాళీ ఎక్కువ రోజులు లేదు. 2021లో డులూత్ నుంచి సెయింట్ స్కొలాస్టికా వచ్చింది. పదమూడులో ఒకటి పోయి ఒకటి వచ్చి మళ్లీ పదమూడు. అదే ఏడు మెకలెస్టర్ ఫుట్‌బాల్ కూడా తిరిగొచ్చింది. పది జట్లను ఐదేసి చొప్పున రెండు గుంపులు చేసి, రెండు గుంపుల విజేతలకు చివర్లో మ్యాచ్ పెట్టారు. ఐదు జట్లలో మొదటి స్థానం కోసం ఆడటం పదింటిలో ఆడటం కంటే ఆశ కలిగిస్తుంది కదా. మళ్లీ అదే లెక్క.

సెయింట్ స్కొలాస్టికా ఎక్కడి నుంచి వచ్చింది? అప్పర్ మిడ్‌వెస్ట్ అనే ఇంకా చిన్న లీగ్ నుంచి. అక్కడ వరసగా టైటిళ్లు కొట్టిన జట్టు. ఇక్కడ సెయింట్ జాన్స్, బెథెల్‌లతో తలపడాలి. అయినా ఎందుకొచ్చింది? కార్ల్‌టన్ పక్కన తన పేరు కనబడటం కోసం, అంతే. అది వెళ్లిపోయాక ఆ చిన్న లీగ్‌కు దిగులు. జాతీయ పోటీకి లీగ్ విజేతను నేరుగా పంపాలంటే కనీసం ఇన్ని కాలేజీలు ఉండాలన్న నిబంధన ఉంది. చాలా ఏళ్లు ఆ సంఖ్య ఏడు. అంచున ఉన్న లీగ్‌లో ఒక్క కాలేజీ కదిలితే మిగతావాళ్లకు నిద్ర పట్టదు.

దక్షిణాదిలో ఇంకో తీరు. కొలరాడో నుంచి అట్లాంటా దాకా పరుచుకున్న ఒక లీగ్ ఉండేది, సదరన్ కాలేజియేట్ అని. ప్రయాణాలతో విసిగి 2011లో ఏడు కాలేజీలు ఒకేసారి బయటికొచ్చి, బెర్రీ కాలేజీని కలుపుకుని సదరన్ అథ్లెటిక్ అసోసియేషన్ పెట్టుకున్నాయి. ఆ ఏడింటిలో ఒకటి అలబామాలోని బర్మింగ్‌హామ్ సదరన్. అప్పుల్లో కూరుకుపోయి 2024 మే 31న మూతపడింది. సరిగ్గా ఆ సమయంలో దాని బేస్‌బాల్ జట్టు ఒహాయోలో డివిజన్ 3 వరల్డ్ సిరీస్ ఆడుతోంది. ఒకటి ఓడి, ఒకటి గెలిచి, జూన్ 2న ఓడి ఇంటికెళ్లారు. జూన్‌లో వాళ్లు ఆడిన మ్యాచ్‌లకు కాలేజీ లేదు, జట్టు మాత్రం ఉంది.

ఇలాంటివి ఇంకా ఉంటాయి. అమెరికాలో జననాలు 2007లో గరిష్ఠానికి చేరి తర్వాత తగ్గాయి. ఆ ఏడు పుట్టినవాళ్లు ఇప్పుడు కాలేజీ వయసుకొచ్చారు. ఇక ముందు వచ్చే తరగతులు చిన్నవే. చిన్న కాలేజీలు ఉన్న పిల్లల కోసమే పోటీ పడాలి.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

(మా అమ్మాయి టెన్నిస్ బాగా ఆడుతుంది. డివిజన్ 3లో స్కాలర్‌షిప్ లేనప్పుడు ఆటకు విలువేముందండీ? అని ఒక తల్లి అడిగారు.)

ఆట పేరుతో డబ్బు ఇవ్వరు తల్లీ. మార్కులను బట్టి, కుటుంబ ఆదాయాన్ని బట్టి సాయం మాత్రం అందరితో పాటు వస్తుంది, చాలాసార్లు అదే పెద్ద మొత్తం. రెండోది, సీటు కష్టంగా దొరికే కాలేజీల్లో ఈ అమ్మాయి మాకు కావాలి అని కోచ్ అడ్మిషన్ల ఆఫీసుకు ఒక మాట చెబితే దానికి బరువుంటుంది. మీరు చూడటానికి వెళ్లినప్పుడు కోచ్‌ను రెండు అడగండి. మ్యాచ్‌ల కోసం సెమిస్టర్‌లో ఎన్ని క్లాసులు పోతాయి, ఎంతసేపు బస్సులో ఉంటారు అని. మూడోది కూడా అడగండి, మా అమ్మాయి ఫైనలియర్‌కు వచ్చేసరికి ఈ లీగ్‌లో ఎవరెవరు ఉంటారు అని. కోచ్ కాస్త తడబడితే తప్పుపట్టకండి, ఆ సంగతి చాలాసార్లు కోచ్‌లకు కూడా పేపర్లో చూశాకే తెలుస్తుంది. ఇంకోటి, కోచ్‌కు రాసే మొదటి ఈమెయిల్ మీ అమ్మాయే రాయాలి. మీరు రాసి పిల్ల పేరు పెడితే రెండో వాక్యంలోనే దొరికిపోతారు.